డ్రమ్స్: నవీన్‌కుమార్

నవీన్‌కుమార్ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా డ్రమ్ము కొట్టలేదు. భజనలో నలుగురితో పాటు చప్పట్లు కొడదామని చూసినా, ఆయన పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తాళం తప్పేది. దేవుడు ఆయనకు చాలానే ఇచ్చాడు గానీ ఆ ఒక్కటి ఇవ్వలేదు. ఆయన కూడా ఏనాడూ అడగలేదు.

అలాంటి మనిషి దుకాణం ముందు, ఒక మంగళవారం పొద్దున, హైదరాబాదు కారు ఒకటి వచ్చి ఆగింది. బంట్వారం నుంచి వచ్చిన రైతుకు నవీన్‌కుమార్ అప్పుడు నాపరాళ్ళు చూపిస్తున్నాడు. వరుసగా నిలబెట్టిన బండలను వేలి కణుపుతో తట్టి, ఖంగుమన్నదాన్ని ఇటు, బొద్దుమన్నదాన్ని అటు జరిపిస్తున్నాడు. కారులోంచి పాతికేళ్ళ అమ్మాయి దిగింది. భుజానికి సంచి, కళ్ళలో దొంగను పట్టుకున్నంత సంబరం.

"డ్రమ్మర్ నవీన్‌కుమార్ గారంటే మీరేనా సార్?"

"నేను బండల నవీన్‌కుమార్‌ను. డ్రమ్మరెవరో నాకెరుక లేదమ్మా."

ఆ అమ్మాయి సంచిలోంచి ఒక క్యాసెట్ తీసి చేతిలో పెట్టింది. పేరు దీక్షిత అట. చిన్న చిన్న ఊళ్ళలో పిల్లలు షెడ్డుల్లో, కారు గ్యారేజీల్లో బ్యాండు కట్టి వాయించుకున్న పాటలు, ఎవరూ విడుదల చేయని క్యాసెట్లు వెతికి ఇంటర్నెట్‌లో పెడుతుందట. పాత సామాన్ల అంగడిలో ఇది దొరికిందట. నవీన్‌కుమార్ దాన్ని తిప్పి చూశాడు. అట్ట మీద నీలి ఇంకుతో గుండ్రని అక్షరాలు. 'పాలిష్ బాయ్స్, తాండూరు. పాట: తన్వీర్. గిటారు: మత్తయ్య. డ్రమ్స్: నవీన్‌కుమార్.'

అది ఆయన చెల్లెలు నవనీత చేతిరాత.

దీక్షిత ఫోనులో పాట పెట్టింది. ముందు బండకోత మిషను ఆగిపోతున్న మూలుగు వినబడింది. అప్పట్లో నవీన్‌కుమార్ వాళ్ళ నాన్న షెడ్డులో కరెంటు పోతేనే పాట. మిషను ఆగిన మరుక్షణం పిల్లలు బండల మీద బ్యాటరీ టేపురికార్డరు పెట్టి మొదలెట్టేవాళ్ళు. తన్వీర్ గొంతు చించుకుంటూ 'కరెంటొచ్చేదాక మాదే రాజ్యం' అన్నాడు. ఆ గొంతు కింద, చర్చి నుంచి మత్తయ్య తెచ్చిన డ్రమ్ముల మీద దెబ్బలు పడ్డాయి. వాన ముందు ఉరుమినట్టు మొదలై, ఉన్నట్టుండి రెండు దెబ్బల మధ్య చిన్న ఖాళీ వదిలి, మళ్ళీ అందుకున్నాయి. బంట్వారం రైతు కూడా బండలు మరిచి తల ఊపాడు.

"విన్నవాళ్ళందరూ అడిగేది ఒకటే సార్, ఈ డ్రమ్మర్ ఎవరని. నాకు తెలిసిన వాయిద్యకారులు కూడా ఆ ఖాళీ ఎలా వదిలాడో పట్టుకోలేకపోయారు."

నిజం చెబుదామనే నవీన్‌కుమార్ నోరు తెరిచాడు. ఇది ఆయన పక్షాన చెప్పవలసిన మాట. కానీ కౌంటర్ దగ్గర చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దుకాణంలో కూర్చోవడమే శిక్ష అన్నట్టున్న కూతురు ప్రణవి అప్పుడే లేచి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. ఏడాదిగా తండ్రితో 'ఊఁ', 'సరే' తప్ప మూడో మాట లేదు.

"డాడీ... నువ్వా?" అంది. ఆ రెండు మాటల్లో ఆయన ఎన్నాళ్ళ నుంచో వినని అబ్బురం ఉంది.

"ఏదో... అప్పట్ల..." అన్నాడు నవీన్‌కుమార్.

అబద్ధం పూర్తిగా కూడా ఆడలేదు. సగం ఆడి ఊరుకున్నాడు. మిగతా సగం వాళ్ళే పూర్తి చేసుకున్నారు.

మర్నాటికి తాండూరులో సగం మందికి తెలిసిపోయింది. ప్రణవి స్టేటస్‌లో పెట్టింది, 'మా డాడీ' అని. ఆమె స్నేహితురాళ్ళు దుకాణం ముందు నుంచి పోతూ నమస్తే అంకుల్ అంటున్నారు. పొద్దున టిఫిను పెడుతూ ప్రణవి తానుగా అడిగి ఇంకో రెండు ఇడ్లీలు వేసింది. నవీన్‌కుమార్‌కు ఆ ఇడ్లీలు తినే అర్హత లేదనిపించింది. అయినా తిన్నాడు.

మధ్యాహ్నం మత్తయ్య, తన్వీర్ ఇద్దరూ కలిసి వచ్చారు. మత్తయ్య ఇప్పటికీ ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాడు, మిగతా రోజులు బడిలో లెక్కలు చెబుతాడు. తన్వీర్‌కు బస్టాండు దగ్గర కళ్ళద్దాల దుకాణం. ఇద్దరూ బండల మీద కూర్చుని, చాయ్ తెప్పించుకున్నారు.

"ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది," అన్నాడు తన్వీర్. "ఆదివారం వికారాబాదుల ఫంక్షన్ పెడుతున్నదంట. పాత బ్యాండ్లోళ్ళను పిలిచి శాలువాలు కప్పుతరంట. మన ముగ్గురం స్టేజీ మీద అదే పాట కొట్టాలెనంట. హైదరాబాద్ నుంచి డ్రమ్ముల సెట్టు గూడ తెస్తరంట."

నవీన్‌కుమార్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. శాలువా సంగతి సరే, కొట్టడం సంగతి ఆయనకు తట్టనే లేదు.

"నువ్వేం చెప్పినవు?"

"నేనేం చెప్తభై? ఆ రోజు నీ పేరు రాద్దామన్నది మీ అమ్మ. ఆడపిల్ల డ్రమ్ములు కొట్టిందని తెలిస్తే రేపు సంబంధాలు రావన్నది. మేమూ సరే అన్నం. ఇప్పుడు మధ్యల మేమెవరం? మీ ఇంటి ముచ్చట, నువ్వే చెప్పుకోవాలె."

మత్తయ్య చాయ్ ఊదుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "చెప్తే ఇయ్యాలనే చెప్పు నవీన్. ఎంత ఆలస్యమైతే అంత కష్టం."

చెబుదామనే అనుకున్నాడు. సాయంత్రం దీక్షిత నంబరు తీసి పట్టుకున్నాడు కూడా. అంతలో ప్రణవి వచ్చి భుజం మీంచి వంగి, "డాడీ, ఆదివారం నేను ముంగట్నే కూసుంట, వీడియో మొత్తం నేనే తీస్త," అంది. తాను దూర సందు లేదు, మెడకో డోలు అని సామెత. నవీన్‌కుమార్ మెడలో నిజంగానే డోలు పడింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ పూటే రైలెక్కి వికారాబాదు పోయాడు.

రైల్వే గేటు దగ్గర నవనీత రొట్టెల సెంటరు. పేరుకు సెంటరే గానీ రెండు పొయ్యిలు, ఒక రేకుల పందిరి, ముందు పొడుగాటి బల్ల. చీకటి పడకముందే జొన్నరొట్టెల కోసం జనం నిలబడతారు. నవనీత వేడినీళ్ళు పోసి పిండి పిసుకుతోంది. ముద్ద తీసి, పీట మీద పెట్టి, అరచేత్తో చరుస్తూ తిప్పుతోంది. చేయి పడుతున్నకొద్దీ ముద్ద చంద్రుడిలా విచ్చుకుంది. పెనం మీద వేసి, తడిబట్టతో పైన రాసి, మళ్ళీ ఇంకో ముద్ద అందుకుంది. ముంజేతుల మీద కాలిన మచ్చలు.

"ఏందన్నా, చెప్పకుండ వచ్చినవు. వదిన మంచిగున్నదా?"

"మంచిగున్నది. చిన్న పని పడ్డది."

ఎలా మొదలెట్టాలో తెలియక కూరల గిన్నెల మూతలు తీసి చూశాడు. చివరికి ఒక్క గుక్కలో చెప్పేశాడు. క్యాసెట్ దొరికింది, ఆదివారం ఫంక్షను, కొట్టమంటున్నారు.

నవనీత చేయి ఆగలేదు. "ఎవరిని కొట్టుమంటున్నరు?"

"అట్ట మీద ఉన్నోన్ని."

పీట మీది రొట్టె అంచున చిరిగింది. పన్నెండేళ్ళుగా రోజూ రొట్టెలు చేస్తున్న మనిషి చేతిలో రొట్టె చిరగడం బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా వింతగా తోచింది. ఆమె దాన్ని ముద్ద చేసి మళ్ళీ పిండిలో కలిపేసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు నవీన్‌కుమార్‌కు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"ప్రణవికి ఏం చెప్పినవు?"

"నేనేం చెప్పలే. అదే అనుకున్నది."

"మరైతే ఇప్పుడు నేనేం చెయ్యాలె?"

"జర నేర్పు."

సిగ్గు అనేది ఎంత లోతుకు దిగుతుందో ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆయనకు తెలియలేదు. తల దించుకుని పొయ్యిలోని మంట చూశాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నవనీత గిరాకీలందరికీ రొట్టెలు కట్టిచ్చి, చేతులు కడుక్కుని, ఖాళీ నూనె డబ్బాలు మూడు బోర్లించింది. రెండు చెక్క గరిటెలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"పట్టుకునే తీరు గది కాదు. చీపురు పట్టుకున్నట్టు పట్టుకున్నవు. వదులుగ పట్టు, జారిపోతది గానీ పడిపోవద్దు."

అలా మొదలైంది. బుధవారం, గురువారం, శుక్రవారం. దుకాణం మూసి రైలెక్కడం, డబ్బాల ముందు కూర్చోవడం. కుడిచేయి వస్తే ఎడమచేయి రాదు, రెండూ వస్తే కాలు రాదు. డబ్బా బాగాలేదని ఒకసారి, గరిటె బరువుందని ఒకసారి అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. నవనీత పిండి పిసుకుతూనే నోటితో తాళం చెప్పేది. ఒక్కోసారి ఆయన గరిటెలు లాక్కుని, నిలబడే కొట్టి చూపించేది. ఇన్నేళ్ళయినా ఆ దెబ్బ అక్కడే ఉంది. ఉరుము, ఖాళీ, మళ్ళీ అందుకోవడం. అప్పుడు ఆమె ముఖం మారిపోయేది. పార్సిల్ కోసం వచ్చినవాళ్ళు ఫోన్లు దించి చూసేవాళ్ళు. గురువారం నాడు ఒక లారీ డ్రైవరు "అక్కా, ఇంకోపాలి!" అని అరిచాడు. ఆమె వెంటనే గరిటెలు అన్నకు ఇచ్చేసి పొయ్యి దగ్గరికి పోయింది.

"నీకు కోపం రావట్లేదా?" అని శుక్రవారం అడిగాడు నవీన్‌కుమార్.

"వస్తే ఏం జేస్తవు?"

ఆయన గరిటెలు సర్దుకుని డబ్బాల మీదికి వంగాడు.

"పేరు పోతే పోయింది," అంది నవనీత. "దెబ్బ ఖరాబు కావద్దు. వింటోళ్ళు గింతేనా అనుకోవద్దు. మళ్ళ పట్టు, ఖాళీ కాడ తొందరపడుతున్నవు."

కాసేపటికి, రొట్టె తిప్పుతూ, అటు చూస్తూనే అడిగింది. "నేను గూడ రావాల్నా?"

"ఎందుకు రావద్దు? బావను గూడ తోల్కరా. ముంగటి వరసల కూసోండ్రి."

నవనీత ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. ఏదో వస్తుందని ఎదురు చూసినట్టు చూసింది. ఆ చూపుకు అర్థం ఆయనకు తెలియక కాదు. 'నువ్వే వచ్చి కొట్టు' అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. వెనకాలే ప్రణవి ముఖం కనిపించింది. "చివరి రైలుకు టైమైతున్నది," అని లేచాడు. దారంతా తనను తాను తిట్టుకుంటూ పోయాడు. తిట్టుకోవడం సులభం, దానికి ఎవరి ముందూ నిలబడనక్కర్లేదు.

ఆదివారం వికారాబాదులో చిన్న ఫంక్షన్ హాలు నిండింది. అనంతగిరి చూడడానికి వచ్చిన హైదరాబాదు కుర్రకారు సగం, ఊరివాళ్ళు సగం. స్టేజీ మీద డ్రమ్ముల సెట్టు పెళ్ళికూతురి సామానులా మెరుస్తోంది. నవనీత ముదురాకుపచ్చ చీర కట్టుకుని, భర్త పక్కన ముందు వరుసలో కూర్చుంది. ఆమె పక్కనే ప్రణవి, ఫోను పైకెత్తి.

ముందు మాటలు అయ్యాయి, శాలువాలు అయ్యాయి. దీక్షిత నవీన్‌కుమార్ భుజాన శాలువా కప్పి, "ఎవరికీ తెలియకుండా ఇన్నేళ్ళు బండల మధ్య ఉండిపోయిన డ్రమ్మర్" అంది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మత్తయ్య గిటారు శ్రుతి చేసుకుంటూ తలెత్తలేదు. తన్వీర్ మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

నవీన్‌కుమార్ డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు. గరిటెలకన్నా తేలిగ్గా ఉన్నాయి. కుడిచేతి పుల్ల జారి స్టేజీ మీద పడి దొర్లుకుంటూ పోయింది. ఎవరో తీసిచ్చారు. మళ్ళీ జారింది. అప్పుడు ఆయన పక్కనున్న మైకు పట్టుకున్నాడు.

"ఇది నేను కొట్టింది కాదు," అన్నాడు. "మా చెల్లె నవనీత కొట్టింది. అగో, ముంగట కూసున్నది. నా పేరు ఊకెనే రాసిండ్రు."

అమ్మయ్య, అనుకున్నాడు. ఇన్ని రోజుల బరువు దిగిపోయింది. ఇప్పుడు చెల్లె లేచి వస్తుంది, ఈ పుల్లలు అందుకుంటుంది, తాను దిగిపోతాడు.

వెనక నుంచి ఎవరో, "అన్నకు భయమైతున్నది!" అని అరిచారు. నవ్వులు లేచాయి. దీక్షిత మాత్రం నవ్వలేదు. మైకు పట్టుకుని గబగబా నవనీత దగ్గరికి పోయింది. "నిజమా అక్కా? మీరేనా?"

నవనీత లేచి నిలబడింది. అన్న వైపు చూసింది. ముఖం వైపు కాదు, చేతుల వైపు. చాలాసేపు చూసింది.

"మా అన్న చిన్నప్పటి నుంచి గంతే," అంది మైకులో. "జర సిగ్గెక్కువ. వెనకకెల్లి ఎవరన్న తొయ్యాలె. కొట్టన్నా." కూర్చుంది.

చప్పట్లతో హాలు అదిరిపోయింది. చెల్లె మీద ఎంత ప్రేమ, ఎంత వినయం అని పక్కపక్కవాళ్ళు చెప్పుకున్నారు. ఇక తప్పించుకునే దారి లేదు. తన్వీర్ పాట ఎత్తుకున్నాడు. మొదటి నాలుగు వరుసలు డబ్బాల మీద నేర్చినట్టే పడ్డాయి. ఖాళీ దగ్గర నవీన్‌కుమార్ తొందరపడ్డాడు. అక్కడి నుంచి ఆయన దారి ఆయనది, పాట దారి పాటది. మత్తయ్య గిటారును ఆపి, ఆగి, ఆయన కోసం చూసి, మళ్ళీ అందుకుని, ఎలాగో గట్టుకు చేర్చాడు. జనం జాలితో తాళం కలిపి చప్పట్లు కొట్టారు. ఎన్నాళ్ళయింది పాపం, అలవాటు తప్పింది అన్నారు. ఒక్కరైనా ఛీ అంటే బాగుండునని ఆయన ఆ చప్పట్ల మధ్య కోరుకున్నాడు.

తలెత్తి చూస్తే ప్రణవి ఫోను స్టేజీ వైపు లేదు. పక్కకు తిరిగి ఉంది. నవనీత మోకాలి మీద, ముదురాకుపచ్చ చీర మీద, రెండు చేతుల వేళ్ళూ తమంతట తాము కదులుతున్నాయి. ఉరుము, ఖాళీ, మళ్ళీ అందుకోవడం. ఆ వేళ్ళు ఆగింది పాట ఆగినప్పుడే. ప్రణవి ఫోను దించి ఒళ్ళో పెట్టుకుంది.

భోజనాల వేళ నవీన్‌కుమార్ బయటికి వచ్చేసరికి నవనీత గేటు దగ్గర నిలబడి ఉంది. భర్త బండి తీసుకురావడానికి పోయాడు.

"ఎందుకట్ల జేసినవే?"

"నేనేం జేసిన? ఇన్నేండ్ల సంది మన ఇంట్ల ఏం చెప్పుకుంట వస్తున్నరో గదే చెప్పిన."

"నేను నిజం చెప్పిన గదా!"

"చెప్పినవు. ఎప్పుడు? కట్టె చేతులకెల్లి జారినంక." ఆమె గొంతు పెంచలేదు. "మూడొద్దులు నా పొయ్యి కాడ కూసున్నవు. 'చెల్లె, నువ్వొచ్చి కొట్టు' అంటవేమో అని చూసిన. బావకు గూడ చెప్పి పెట్టిన, అన్న పిలుస్తడేమో, నేను స్టేజీ ఎక్కుత, నువ్వేమనుకోవద్దని. నువ్వు ముంగటి వరసల కూసోమన్నవు. కూసున్న. నీకు కొట్టరాకపోతే నా పేరు యాదికొచ్చింది. నీకు అక్కర పడితే వచ్చే పేరు నాకొద్దన్నా."

నవీన్‌కుమార్ శాలువా తీసి చేతుల్లో పట్టుకున్నాడు. ఇద్దామని చేయి చాచాడు.

"పొయ్యి కాడ శాలువా ఏం జేసుకుంట? నీ పేరు మీద ఇచ్చిండ్రు, నువ్వే కప్పుకో."

అప్పుడే ప్రణవి వచ్చింది. తండ్రి పక్క నుంచే వచ్చింది గానీ ఆయన వైపు చూడలేదు. "అత్తా, నాకు నేర్పిస్తవా?" అంది.

నేర్పియ్యి చెల్లె అనబోయాడు నవీన్‌కుమార్. ఇంకా ఏదో ఒక మాటకు తనకు హక్కు ఉందని ఆశ. ఆయనను ఎవరూ అడగలేదు.

"వస్తే నేర్పిస్త," అంది నవనీత. "పిండి గూడ పిసకాలె మరి."

"పిసుకుత."

"ఇంకోటి. ఎవరన్న వచ్చి కొట్టిందెవరని అడిగితే, నీ పేరు నువ్వే చెప్పుకోవాలె. నాయిన చెప్తడు, అన్న చెప్తడు అని కూసోవద్దు. నేను గట్లనే కూసున్న."

"చెప్పుకుంట."

బండి వచ్చింది. "నేను అత్తోళ్ళింటికి పోతున్న, సాయంత్రం రైలుకొస్త," అంది ప్రణవి. అడగడం కాదు, తెలియజేయడం. ముగ్గురూ సర్దుకుని కూర్చున్నారు. బండి గేటు దాటి, రైల్వే స్టేషను రోడ్డులోకి తిరిగిపోయింది. నవీన్‌కుమార్ అది కనబడినంతసేపూ చూశాడు. లోపల ఎక్కడో ముడుచుకుపోయి, తన నీడ కూడా తనకు కనబడకుండా ఉంటే బాగుండుననిపించింది.

వెనక నుంచి ఒక కొత్త జంట పరిగెత్తుకుంటూ వచ్చారు. హైదరాబాదు వాళ్ళలా ఉన్నారు. "సార్, సార్! డ్రమ్మర్ మీరే కదా? ఒక్క ఫోటో!"

"కాదమ్మా," అన్నాడు నవీన్‌కుమార్. ఈసారి ఎవరికీ భయపడి అనలేదు. "నేను కాదు. డ్రమ్ములు కొట్టింది నా చెల్లె."

ఆ అమ్మాయి మురిపెంగా నవ్వింది. "స్టేజీ మీద కూడా ఇలాగే అన్నారు సార్ మీరు," అని ఆయన పక్కన నిలబడింది. ఆమె భర్త, శాలువా కాస్త సరిచేసుకొమ్మని చెప్పి, ఫోటో తీశాడు.